దిద్దుకోలేని గీత



పలక మీద తప్పు వ్రాసిన పిల్లవాడు ఏమి చేస్తాడో మనందరికీ తెలుసు. అరచేతితో తుడిచేస్తాడు, లేదా ఉమ్మి రాసి తుడిచేస్తాడు. 34 సంవత్సరములు పంతులుగా ఉండి ఉమ్మి వద్దురా అని ఎన్నిమార్లు చెప్పామో లెక్క లేదు. విన్నవాడు ఒక్కడూ లేడు. తుడిచిన చోట మరల వ్రాస్తాడు. బాగుంటే సరే, లేకుంటే మరల తుడుస్తాడు. మన తెలుగులో దీనికి ఒక మాట ఉన్నది. పంతులు వేసి ఇచ్చిన అక్షరము మీద చేయి తిప్పుటను దిద్దుట అంటాము. తప్పును సరిచేయుటను కూడ దిద్దుట అనే అంటాము. నేర్చుకొనుటకూ సరిచేసికొనుటకూ పెద్దలు ఒకే మాట పెట్టారు. ఉద్యోగము చేసినంత కాలము మాకు ఆ మాట మీద ఎంతో నమ్మకము. దిద్దగా దిద్దగా ఏ పనైనా వస్తుంది, ఏ తప్పైనా పోతుంది అనుకొనేవారము. ఆ మాట సగమే పనిచేసే చోటు ఒకటి ఉన్నదని పదవీ విరమణ తరువాత, ఒక తోలు ముక్క ముందు కూర్చున్నప్పుడు తెలిసినది.

మా తమ్ముని కుమారుడు ఇక్కడ చెన్నపట్నములోనే కంప్యూటరు ఉద్యోగము చేస్తున్నాడు. మూడేళ్ళ క్రితము అతనికి తోలు మీద పూలు, ఆకులు చెక్కే పని మీద మనసు పోయినది. శనివారము వచ్చిందంటే పెరియమెట్ లోని తోలు అంగళ్ళకు పోయి, కిలో లెక్కన అమ్మే ముక్కలు తెచ్చుకొని, గ్రానైటు బండ ముందు పెట్టుకొని కూర్చుంటాడు. ఆదివారము మధ్యాహ్నము కూడ కూర్చుంటాడు. దాని సంగతి అతని తల్లిదండ్రులు చూచుకొందురు గాక. మేము మొదట ప్రక్కన కుర్చీ వేసుకొని ఊరికే చూచేవారము. తరువాత ఒక కత్తి మా చేతికీ ఇచ్చాడు. “పెదనాన్నా, మీరు ఇన్నేళ్ళు నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలు వ్రాశారు గదా, ఇది మీకు తేలికగానే వస్తుంది” అన్నాడు. రాలేదు.

ఈ పని అమెరికా పశ్చిమ రాష్ట్రములలో పెరిగినది. స్పెయిను దేశపు తోలు పనితనము మెక్సికో మీదుగా అక్కడి గుఱ్ఱపు జీనులకు చేరినది. వ్యోమింగ్ రాష్ట్రములోని షెరిడన్ అనే చిన్న పట్టణము పేరుతో ఒక శైలియే ఉన్నది: చిన్న చిన్న పువ్వులు, వాటిని చుట్టి వలయములుగా ఒకదానిలో ఒకటి దూరే తీగెలు. ఆ శైలికి రూపమిచ్చిన డాన్ కింగ్ అనే జీనుల పనివానికి 1991లో ఆ దేశము తన సంప్రదాయ కళాకారులకిచ్చే జాతీయ గౌరవము ఇచ్చినది. ఈ పనిని ఇంటింటికీ తెచ్చినవారిలో ఆల్ స్టోల్మన్ ముఖ్యుడు. తోలు చెక్కుట ఎట్లాగో చెప్పే అతని పుస్తకము 1952లో వచ్చినది. భార్య ఆన్ తో కలిసి ఇంకా ఎన్నో వ్రాసి, 1998లో మరణించాడు. మా అబ్బాయి నేర్చుకొన్నది ఆ పుస్తకముల నుండే. మేమూ తిరగవేశాము. పంతులు దృష్టితో చూస్తే అవి మంచి పాఠ్యపుస్తకములు. చేయి ఎక్కడ పెట్టాలో బొమ్మ వేసి చూపుతాయి, వేదాంతము చెప్పవు.

కత్తిని గురించి కొంచెము చెప్పాలి. దానిని స్వివెల్ నైఫ్ అంటారు. నిలువుగా పట్టుకొనే కత్తి. పైన గుఱ్ఱపు జీను ఆకారములో ఒక వంపు ఉంటుంది, చూపుడు వ్రేలు దానిలో ఆనించి క్రిందికి నొక్కాలి. బొటనవ్రేలు, మిగిలిన వ్రేళ్ళు కలిసి పిడిని త్రిప్పుతాయి. చిటికెనవ్రేలు తోలు మీద ఆనాలి. మనము కూరగాయలు కోసే కత్తి ఒక వైపునకు వాలినా పరవాలేదు. ఇది ప్రక్కకు వాలిందంటే గాటు క్రింద నుండి తొలిచి అంచు లేచిపోతుంది. గీతను మన వైపునకు లాగుతూ రావాలి. తోలు మందములో మూడవ వంతు నుండి సగము వరకే దిగాలి, అడుగుకు పోరాదు. పది గీతలు గీయుటకు ముందే కత్తి అంచును పాలిషు పూసిన తోలు పట్టీ మీద రుద్దుకోవాలి. నాలుగు గీతలకే చేయి బరువెక్కినదంటే తప్పు చేతిది కాదు, అంచుది.

తోలు కూడ ఏదైనా పనికిరాదు. ఈనాడు చెప్పులకు, సంచులకు వచ్చే తోలులో ఎక్కువ భాగము క్రోము లవణములతో పదును చేసినది. దాని మీద గాటు నిలువదు, మెత్తని దూదిలాగ మూసుకొంటుంది. చెట్టు బెరడుతో పదును చేసిన తోలే కావాలి. మన పెద్దలు తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వేసి లందలలో ఊరవేసినది ఆ తోలే. దిండిగల్, ఈరోడ్ ప్రాంతములలో అట్టి తోలు పని నేటికీ ఉన్నది. ఆ తోలును స్పంజితో తడిపి, వెంటనే కత్తి పెట్టకుండ ఆగాలి. తడి లోపలికి దిగి, పైన రంగు మరల మామూలుగా తేలుతున్న సమయము చూడాలి. వాన కురిసిన వెంటనే ఏ రైతూ నాగలి కట్టడు, నేలకు పదును రానిస్తాడు. ఇదీ అంతే. మరీ తడిగా ఉంటే గాటు బురదలో గీత వలె ముద్దవుతుంది, మరీ ఆరితే కత్తి పట్టుకొని లాగుతుంది. పదునులో ఉన్న తోలు మీద గీత తానే నోరు తెరుస్తుంది. మొదటిసారి అది చూచినప్పుడు మాకు చెప్పలేని ఆనందము కలిగినది.

ఇక అసలు సంగతి. పువ్వుల చుట్టు గీతలన్నీ ముందే కాగితము మీద వేసికొని, తోలు మీదికి ఎక్కించుకొన్నవే. అక్కడ చేయి దిద్దుతున్నది, అంతే. తరువాత ముద్రలు కొట్టి నీడలు తెస్తారు, నేపథ్యమును అణగగొడతారు. అంతా అయిన తరువాత, చిట్టచివరన, రేకుల మీద, ఆకుల మీద, తీగెల మీద కొన్ని గాట్లు పెడతారు. వీటినే అలంకారపు గాట్లు అంటారు. సాధారణముగా వీటికి ముందు వేసికొన్న గీత ఉండదు. లోతుగా మొదలై, వంపు తిరుగుతూ, క్రమముగా తేలికై, చివరకు తోలు మీద ఎక్కడ ముగిసినదో తెలియకుండ ముగియాలి. ప్రతి పనివానికీ ఇవి వేరుగా ఉంటాయట. సంతకము లేకున్నా ఎవరి పనో వీటిని చూచి గుర్తుపడతారట. వారములు పట్టిన పనిని చివరి పది నిమిషములలో చెడగొట్టేవి కూడ ఇవే. అందుకే వీటిని వేరుగా, ముక్కల మీద, వందలకొద్దీ సాధన చేయమని చెప్తారు. ఎడమకు తిరిగేవి ఒక వరుస, కుడికి తిరిగేవి ఒక వరుస. మా అబ్బాయి ఇంట్లో ఒక బస్తా నిండ అట్టి ముక్కలే ఉన్నాయి. వాటిలో పువ్వు లేదు, ఆకు లేదు, ఉత్త గాట్లు.

మన దేశములో తోలు మీద అలంకారము లేదని కాదు. ధర్మవరము దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవారు మేకతోలును వెలుతురు కనబడేంత పలుచగా గీకి, నగలు, అంచులు అన్నీ చిన్న చిన్న ఉలులతో చిల్లులుగా కొడతారు. దీపము పెట్టినప్పుడు తీసివేసిన చోటే మెరుస్తుంది. వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. వారి పూర్వులు మహారాష్ట్ర నుండి వచ్చినవారు, ఇంట్లో మరాఠీ యాస, తెర ముందు తెలుగు. పరాయి రాష్ట్రములలో తరతరములుగా ఉన్న మనకు ఇది వింతగా తోచదు. వారి పనిలోనూ కొట్టిన చిల్లును పూడ్చుటకు లేదు.

మేము పెట్టిన మొదటి గాట్లు కోడి గీకినట్లు వచ్చాయి. అంతవరకు పరవాలేదు. గీత వంకర పోగానే మా చేయి వెనుకకు పోయి, అదే గాటులో మరల కత్తి పెట్టి సరిచేయబోయినది. అబ్బాయి చటుక్కున మణికట్టు పట్టుకొన్నాడు. “వద్దు పెదనాన్నా. వంకర గీత ఒక్కటే ఉంటే అది వంకర గీత. దాని మీద ఇంకొకటి పెడితే గాయము.” తన మాట తనకే పెద్దదిగా తోచినదేమో, వెంటనే నవ్వి, “పుస్తకములో ఇట్లా లేదులెండి, నేను చెడగొట్టిన ముక్కలు నేర్పాయి” అన్నాడు. నిజమే, రెండవసారి కత్తి పెట్టిన చోట్లలో అంచు చీలి, పోగులు లేచి, మొదటి తప్పు కంటె అసహ్యముగా కనబడుతున్నది. 34 ఏళ్ళ చేయి కదా, ఆ అలవాటు మానుటకు మాకు నెల పట్టినది. ఆ నెలలోనే ఒక ప్రశ్న పట్టుకొన్నది. మరల సరిచేయుటకు వీలులేని పనిని మనిషి ఎట్లా నేర్చుకోవాలి?

తోలు పనివానికి జవాబు ఉన్నది. అతనికి ముక్కలు ఉన్నాయి. ఒక్కొక్క గాటూ వెనుకకు తీసికోలేనిదే, అయినా ముక్క మీద దాని ఖరీదు తక్కువ. వేయి గాట్లు అట్లా పెట్టిన తరువాత అసలు పని మీదికి వస్తాడు. మరి మనుషులతో పనిచేసేవానికి ముక్కలు ఎక్కడ?

మేము ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న రోజులలో ప్రాక్టీసు పాఠములు ఉండేవి. ఇప్పటికీ ఉన్నాయి. ప్రక్కనున్న బడికి పంపేవారు. పాఠ్య పథకము వ్రాసికొని, చార్టులు చుట్టి పట్టుకొని, ఇస్త్రీ చొక్కా వేసికొని పోయేవారము. వెనుక బెంచీలో మా అధ్యాపకుడు నోటుబుక్కుతో కూర్చునేవాడు. అట్లా నలభై పాఠములు చెప్పాము. ఒకనాడు క్యాలెండరు పాఠము. నాలుగుతో భాగింపబడే ప్రతి సంవత్సరము లీపు సంవత్సరమే అని చెప్పి, ఉదాహరణకు 1900 అని నల్లబల్ల మీద వ్రాశాము. 1900 లీపు సంవత్సరము కాదు. నూరుతో పోయేవి నాలుగు వందలతో కూడ పోవాలి. అధ్యాపకుడు మా పుస్తకములో ఎఱ్ఱసిరాతో తప్పు గుర్తించి, ప్రక్కన సరియైనది వ్రాసి, మార్కు తగ్గించాడు. మేము తెలిసికొన్నాము, ఆ తప్పు మరల ఎన్నడూ చేయలేదు. కాని ఆ తరగతి పిల్లలకు ఎవరు చెప్పారు? మరునాడు మేము వేరే తరగతికి పోయాము. మాకు అది ప్రాక్టీసు పాఠము. వారికి అది ఆ రోజు పాఠము. వారిలో కొందరు ఇప్పుడు మనుమలకు 1900 లీపు సంవత్సరమని చెప్తూ ఉండవచ్చును.

లీపు సంవత్సరము చిన్న సంగతి. దానితో ఎవరికీ కూడు తప్పలేదు. చిన్నది కానిది ఒకటి ఉన్నది, అది చెప్పుకొనకుండ ఈ ప్రశ్న ఎత్తుట మాకు తగదు.

1987లో మేము ఒక తెలుగు మాధ్యమ పాఠశాలలో ఏడవ తరగతికి లెక్కలు చెప్తున్నాము. మూడవ వరుసలో ఒక పిల్లవాడు తల వంచుకొని బల్ల క్రింద ఏదో చేస్తున్నాడు. దగ్గరకు పోయి చూస్తే, గడ్డము గీసుకొనే బ్లేడు సగము ముక్కతో, చెప్పు అట్టలో మిగిలిన అరచేయంత తోలు మీద ఆకులు చెక్కుతున్నాడు. అతని తండ్రి బస్టాండు మూల చెట్టు క్రింద చెప్పులు కుడతాడని తరగతికంతా తెలుసు. ఆ ముక్క లాక్కొని, అందరూ వినేటట్లు, “మీ నాన్న పనిముట్టు నీ చేతికి అప్పుడే అమిరినదిరా, ఇక పుస్తకమెందుకు నీకు?” అన్నాము. తరగతి నవ్వినది. మేమూ నవ్వాము. పిల్లవాడు ఏడవలేదు. పుస్తకము మూసి, దాని మీద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు.

ఆ బడిలో ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఉన్నది. మా తాతగారు ఒంగోలు ప్రాంతములో ఆ పనే చేసేవారు. ఆరె, రంపె, గూటము, ఇంటి వెనుక లంద. సెలవులకు పోయినప్పుడు ప్రక్కన కూర్చొని చూచేవారము. ఆయన చెప్పు కుట్టుట ముగించి, ఇక ఇచ్చివేయవలసినదే అనగా, పట్టీ మీద రంపె మొనతో మూడు చిన్న గాట్లు పెట్టేవారు, వరిగింజ ఆకారములో. ఎందుకు తాతా అంటే, ఊరికే రా అనేవారు. ఆ చెప్పులు తొడిగే ఆసామి ఆ గాట్లను ఏనాడూ చూడలేదని మా నమ్మకము. మా నాన్నగారు చెన్నపట్నము వచ్చి పెరంబూరు రైల్వే వర్కుషాపులో చేరిన తరువాత మా ఇంట్లో తోలు అనే మాటే వినబడేది కాదు. మేమూ ఎక్కడా చెప్పలేదు. ఆ రోజు ఆ పిల్లవాని చేతిలోని ముక్క వాసన మా ఇంటి వాసన. మా కోపము అతడు లెక్కలు చేయనందుకు కాదు. ఇది ఒప్పుకొనుటకు మాకు చాల సంవత్సరములు పట్టినది.

ఇది మా ఒక్కరి కథ అయితే ఈ పత్రికలో వ్రాసేవారము కాము. మన సంఘముల చరిత్ర తోలుతో ముడిపడి ఉన్నది. ఒంగోలు సీమలో మొదట బాప్తిస్మము పొందినవారిలో ఒకడైన యెర్రగుంట్ల పేరయ్య గారు తోళ్ళ వ్యాపారము మీద ఊళ్ళు తిరిగిన మనిషి, అది 1866. క్లౌ దొరసాని గారు మాదిగవారి మధ్య విన్న సంగతులను 1899లో ఇంగ్లీషు పుస్తకముగా అచ్చువేసినప్పుడు దానికి చెప్పులు కుడుతూ అనే అర్థము వచ్చే పేరు పెట్టారు. యొప్పేలో పేతురు బస చేసినది చర్మకారుడైన సీమోను ఇంట అని ఆదివారపు బడి పిల్లలు కూడ చెప్పగలరు. ఆ పనిముట్లను మన తండ్రులు ఊరిలో వదలి గనులకు, రైల్వేలకు, మిల్లులకు వచ్చారంటే తప్పు పట్టేవారము కాము. ఆ పనిలో చాకిరి ఎక్కువ, కూలి తక్కువ, అవమానము అన్నిటికంటె ఎక్కువ. పనిని వదలుట వేరు. వదిలినవాడు ఆ పనిలో ఉన్నవానిని చూచి నవ్వుట వేరు. రెండవది మేము చేశాము.

పిల్లవాడు నాలుగు రోజులు రాలేదు. అయిదవ రోజు సాయంత్రము మేము బస్టాండు దగ్గరకు పోయాము. తండ్రి మమ్మును చూడగానే లేచి నిలబడి, చేతులు తుడుచుకొని, “వాడేమన్నా తప్పు చేస్తే కొట్టండి సారూ, బడి మాత్రము మాన్పించకండి” అన్నాడు. కొడుకు ఇంట్లో ఏమీ చెప్పలేదన్న మాట. మేము కూడ చెప్పలేకపోయాము. పిల్లవానిని పంపమని మాత్రము చెప్పి వచ్చాము.

వచ్చాడు. అప్పటి నుండి మేము దిద్దుట మొదలుపెట్టాము. అతనిని తరగతి నాయకునిగా పెట్టాము. అతని దస్తూరీ బాగున్నదని అందరికీ చూపాము. క్రొత్త నోటుబుక్కు కొని తరగతి ముందే ఇచ్చాము. చేతిపని చేసేవారు లేకపోతే దేశము లేదని ఒక గంట ప్రసంగము చేశాము. ప్రతిసారీ నలభై తలలు అతని వైపు తిరిగేవి, మేము దానిని గౌరవము అనుకొన్నాము. ఒకనాడు బడి వదిలిన తరువాత వరండాలో ఆగి, తల ఎత్తకుండ, “సారూ, మీరు నన్ను మెచ్చుకొన్నప్పుడల్లా వాళ్ళకు ఆ మాటే గుర్తొస్తున్నది. ఇక వదిలేయండి” అన్నాడు. పన్నెండేళ్ళ పిల్లవాడు. వదిలేశాము. ఆ సంవత్సరము పాసై, ఎనిమిదికి వేరే బడికి పోయాడు.

అబ్బాయి మా మణికట్టు పట్టుకొన్న రోజున మాకు వరండాలోని ఆ మాట వినబడినది. కాలు జారితే తీసికోవచ్చును, నోరు జారితే తీసికోలేము అని సామెత ఉన్నదే. దానిని తరగతిలో వందసార్లు చెప్పి ఉంటాము. జారిన నోటిని తీసికోబోయి చేసే హాని గురించి మాత్రము ఆలోచించలేదు. క్షమాపణ వద్దని మేము అనుట లేదు. ఆ పిల్లవానికి ఒక్కసారి, ఎవరూ లేనప్పుడు, తప్పు నాదిరా అని చెప్పి, మా తాతగారి రంపె సంగతి కూడ చెప్పి ఉండవలసినది. ఆ ఒక్కటే చేయలేదు. ఎందుకంటే దానికి మా గుట్టు విప్పాలి. నోటుబుక్కు చౌక.

ఇది విని, అయితే మనుషుల మీద మాటే పెట్టకూడదు కాబోలు అని ఒక మిత్రుడు అన్నారు. కాదు. ఎవరికైనా నొప్పి కలుగుతుందేమో అన్న భయముతో పిల్లవానికి తప్పును తప్పని చెప్పని ఉపాధ్యాయులను మేము చూచాము. సగము నొక్కిన కత్తి కూడ తోలును చెడగొడుతుంది, గీకి వదులుతుంది. గాటు పెట్టక తప్పదు. కత్తి ఆనుటకు ముందు చేయవలసినది మాత్రము చాల ఉన్నది. అంచు చూచుకొనుట, పదును వచ్చినదో లేదో వ్రేలితో చూచుట, గీత ఎక్కడ ముగియాలో ముందే నిశ్చయించుకొనుట. కత్తి సాగుతున్నప్పుడు అబ్బాయి అంచు వైపు చూడడు, ముగియవలసిన చోటి వైపు చూస్తాడు. ముక్కల మీద వేయి గాట్లు పెట్టినవానికి వచ్చేది తప్పు చేయని చేయి కాదు, ఈ చూపు. మనుషులతో పనిచేసేవానికి ముక్కలు లేకున్నా ఈ ముందు పని ఉన్నది. మేము ఆ రోజు మా లోపలి కోపము ఎక్కడిదో ఒక్క నిమిషము ఆగి చూచుకొని ఉంటే, బ్లేడు తీసికొని, లెక్క చేయమని చెప్పి ముందుకు పోయేవారము. బ్లేడు తీసికొనుట అవసరమే.

ఇంకొక సంగతి ఉన్నది, అది మమ్మును ఎక్కువ ఇబ్బంది పెట్టినది. తప్పిన గాటును వృధా పోనీయక, దానినే ఆకు ఈనెగా మలచుకోవచ్చునని అబ్బాయి చూపించాడు. ప్రక్కన ఇంకో రెండు గాట్లు అదే వంపులో పెడితే, మొదటిది కావాలని పెట్టినట్లే కనబడుతుంది. నేర్పరులు అట్లాగే చేస్తారట. అంతా మేలుకే జరిగినదని సంఘములో మనము తరచుగా అనే మాట అప్పుడు జ్ఞాపకము వచ్చినది. ఆ పిల్లవాడు ఆ మాటకు రోషము వచ్చి బాగా చదువుకొన్నాడేమో, ఈనాడు గొప్ప ఉద్యోగములో ఉన్నాడేమో, మా మాట అతనికి ఈనె అయినదేమో అని ఎన్నో రాత్రులు మాకు మేమే చెప్పుకొన్నాము. ఆ మాట అనే హక్కు మాకు లేదని ఇప్పుడు అనుకొంటున్నాము. తోలుకు నోరు లేదు గనుక పనివాడు దాని తరఫున ఈనె అని చెప్పవచ్చును. ఇక్కడ తోలు వేరొకనిది. ఆ గాటు ఈనె అయినదో, గాటుగానే ఉన్నదో చెప్పవలసినవాడు అతడే. కత్తి పట్టినవాడు ఆ తీర్పు తానే వ్రాసికొంటే అది రెండవసారి కత్తి పెట్టుటయే.

ఈ వ్యాసము కూడ అట్టిదేనేమో అని సందేహించాము. అందుకే బడి పేరు, ఊరి పేరు, అతని పేరు వ్రాయలేదు. అతడు చదివితే అతనికి తెలుస్తుంది, ఇతరులకు తెలియదు.

ఆ తోలు ముక్క మా దగ్గరే ఉన్నది. తిరిగి ఇవ్వలేకపోయాము, పారవేయలేకపోయాము. పాత సర్టిఫికెట్ల పెట్టెలో ఇన్నేళ్ళు ఉన్నది. క్రిందటి నెల దానిని అబ్బాయికి చూపించాము, కథ చెప్పకుండ. దీపము క్రింద ప్రక్కగా పట్టుకొని చాలసేపు చూచాడు. అయిదు ఆకులు, ఒక్కొక్క ఆకులో రెండు మూడు గాట్లు. “చవక తోలు, బ్లేడు ముక్క, తడి కూడ పెట్టలేదు” అన్నాడు. ఆ తరువాత, “చివర చూడండి పెదనాన్నా, ఎంత తేలికగా ఎత్తాడో. ఎక్కడా రెండోసారి పెట్టలేదు. ఎవరిది ఇది?” అని అడిగాడు. పేరు చెప్పాము. తన పనిబల్ల మీద పెట్టుకొంటాను, ఇవ్వమని అడిగాడు. అది ఇచ్చుటకు మాది కాదని చెప్పాము.

మన పత్రిక కోలారు నుండి యానాము వరకు, బొంబాయి నుండి బరంపురము వరకు తెలుగు ఇళ్ళకు పోతుంది. 1987లో ఏడవ తరగతి చదివిన ఆ విద్యార్థి ఈ సంఘములలో ఎక్కడైనా ఉంటే, అయిదు ఆకుల ముక్క ఒకటి ఆయనది మా యొద్ద భద్రముగా ఉన్నది. సంపాదకుల ద్వారా ఒక కార్డు వ్రాసినచో మేమే తెచ్చి ఇస్తాము. ఆయన అడిగితే తప్ప పాత మాట ఎత్తము.